తుపాకీకి ప్రాణం పోసే చట్టం

తుపాకుల మీద ఆంక్షలు పెట్టే చట్టాలను వ్యతిరేకించేవాళ్ళంతా తుపాకుల పరిశ్రమకు పచ్చి శత్రువులు! ఈ మాట నేను ఎవరి మెప్పు కోసమో అనడం లేదు. పెన్సిల్వేనియాలో, అందులోనూ మా క్రోకర్స్ బెండ్ లాంటి ఊళ్ళో కూర్చుని ఇలా అనడానికి ఎంత గుండె కావాలో మీకు తెలుసు. అయినా అంటున్నాను. నిజం కడుపులో దాచుకుంటే నాకు కాఫీ అరగదు.

మీరే ఆలోచించండి. చొక్కా ఎప్పుడు కొంటాం? చిరిగినప్పుడు. బ్రెడ్డు ఎప్పుడు కొంటాం? అయిపోయినప్పుడు. మరి తుపాకీ? అది చిరగదు, అయిపోదు, బూజు పట్టదు, పులిసిపోదు. తాతగారు కొన్న రైఫిల్‌తో మనవడు జింకను కొడతాడు, ఆ మనవడికి మనవడు పుట్టి వాడూ కొడతాడు. ఇంత గట్టి సరుకు తయారుచేసి, పైగా దాన్ని అమ్ముకుని బతకాలనుకునే పరిశ్రమ కంటే అమాయకమైనది ఈ లోకంలో ఉందా? దాన్ని ఎవరో ఒకరు ఆదుకోవాలా, వద్దా?

ఆదుకుంటున్నది ప్రభుత్వమే! ఏ సెనేటరో లేచి నిలబడి "తుపాకుల మీద కొత్త చట్టం తెస్తున్నాం" అంటే చాలు. మర్నాడు తెల్లవారేసరికి నిన్నటిదాకా ఎవరూ కన్నెత్తి చూడని సరుకు బంగారమైపోతుంది. టీవీలో ప్రకటనలకు బోలెడంత డబ్బు పోసే సబ్బుల కంపెనీలకు ఇలాంటి అదృష్టం ఉందా? సబ్బును నిషేధిస్తామని ఇంతవరకూ ఒక్క సెనేటర్ కూడా అనలేదు. అందుకే మా ఊళ్ళో స్నానాలు అంతంతమాత్రం.

నమ్మకం కుదరకపోతే మా వెర్నన్ స్టౌఫర్ సంగతి వినండి.

వెర్నన్‌ది తాతల నాటి తుపాకుల షాపు. లూథరన్ చర్చి ఉన్న వీధిలోనే, చర్చికి ఈ చివర. మనిషి భారీ, గొంతు మెత్తన. షాపు గోడ మీద వాళ్ళ తాత కొట్టిన ఎల్క్ అనే పెద్ద కొమ్ముల దుప్పి తల ఒకటి ఉంటుంది, దాని కింద కాఫీ కుండ ఉంటుంది. ఊళ్ళో ఊరికే కాఫీ దొరికేది అక్కడే కాబట్టి ఈ వారపత్రికకు రాసే నేను అక్కడే ఎక్కువగా దొరుకుతాను.

కిందటి ఎన్నికల్లో వెర్నన్ ఒక ఘోరమైన పొరపాటు చేశాడు. తుపాకుల జోలికి ఎవరొస్తారో చూస్తానని తొడగొట్టిన మనిషిని గవర్నర్‌గా గెలిపించాడు. ఒక్కడే కాదు లెండి, ఊరు ఊరంతా కలిసి గెలిపించింది. పెరట్లో బోర్డు పాతాడు, ట్రక్కుకు జెండా కట్టాడు, గెలిచిన రోజు హారన్ మోగించుకుంటూ నది దాకా వెళ్ళి వచ్చాడు. సొంత వ్యాపారం నోట్లో సొంత చేతులతో మట్టి కొట్టుకుని ఆ మనిషి ఎంత ఆనందపడ్డాడో!

ఎందుకంటారా? భయం పోయింది. తమ తుపాకులకు ఢోకా లేదని తేలిపోయాక కొత్తవి ఎవరు కొంటారు? జనం వచ్చేవాళ్ళు, కాఫీ తాగేవాళ్ళు, రైఫిల్ చేతిలోకి తీసుకుని భుజానికి ఆనించి చూసేవాళ్ళు, మళ్ళీ గోడకు పెట్టేసేవాళ్ళు.

"తర్వాత కొంటాలే వెర్నన్. ఎక్కడికి పోతాయి?"

ఎక్కడికి పోతాయి! తుపాకుల వ్యాపారి గుండెల్లో దిగడానికి ఇంతకంటే పదునైన మాట లేదు.

ఫ్యాక్టరీ తరఫున సరుకు తెచ్చే రాయిస్ అనే సేల్స్‌మన్ వచ్చి వెర్నన్ పక్కన కూలబడ్డాడు. వాళ్ళ ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఎత్తేశారట.

"మా బాస్ పొద్దున్నే పేపర్ మొత్తం తిరగేస్తున్నాడు వెర్నన్," అన్నాడు రాయిస్, ఏడుపొక్కటే తక్కువగా. "ఎక్కడైనా, ఏ రాష్ట్రంలోనైనా, మన మీద ఒక్క చిన్న బిల్లైనా పెట్టారేమోనని."

"పెట్టారా?"

"ఎక్కడ! అందరూ మనల్ని ప్రేమిస్తున్నారు. నాశనమైపోతున్నాం."

వెర్నన్ భార్య లోరీన్ లెక్క తెలిసిన మనిషి. పక్క సందులో ఒక టానింగ్ సెలూన్ ఉంది. ఎండలో నిలబడకుండానే ఒళ్ళు ఎర్రగా కాల్చిపెట్టే చోటు అది. మంచి వీధిలోకి మారాలని ఆ సెలూన్ యజమానురాలు ఎప్పటినుంచో ఈ షాపు మీద కన్నేసింది.

"వేట సీజన్ దాకా చూద్దాం," అంది లోరీన్. "అప్పటికీ ఇలాగే ఈగలు తోలుకుంటూ కూర్చుంటే ఆవిడకి ఇచ్చేద్దాం. కనీసం వాళ్ళ దగ్గరకి జనం వస్తారు."

"మా తాత పెట్టిన షాపే!"

"మీ తాత టైంలో జనానికి భయం ఉండేది."

వెర్నన్ ఎల్క్ తల వైపు చూశాడు. ఆ తల కింద టానింగ్ బల్లలు వేసి, వాటి మీద ఊళ్ళోవాళ్ళు బట్టల్లేకుండా పడుకోవడం అతని కళ్ళ ముందు కనిపించి ఉంటుంది. ఆ రోజు నాకు రెండో కప్పు పొయ్యడం కూడా మరిచిపోయాడు. బాధగా అనిపించింది, అతని గురించి కూడా.

సరిగ్గా అప్పుడే దేవుడు కరుణించాడు! ఫిలడెల్ఫియా నగరం వైపు నుంచి ఎడిత్ క్రిస్పెల్ అనే సెనేటర్ పదేళ్ళుగా పట్టువదలకుండా పెడుతున్న బిల్లును మళ్ళీ పెట్టింది. పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఉంటే దానికి తాళం వేసి ఉంచాలి. అంతే! ఎవరి తుపాకీ ఎవరూ పట్టుకుపోరు, కొనవద్దని ఎవరూ అనరు.

కానీ ఆ వార్త మా ఊరికి నడిచి రావాలి కదా. హోటల్లో పొద్దున గుడ్ల వేపుడు దగ్గర "తాళం వెయ్యాలట" అన్నారు. మంగలి షాపుకు చేరేసరికి "తాళం మనం వెయ్యాలట, తాళం చెవి ప్రభుత్వం దగ్గర ఉంటుందట" అయింది. సాయంత్రం చర్చిలో పంది మాంసం విందు వేళకు "తుపాకులు పట్టుకుపోవడానికి ట్రక్కులు బయలుదేరాయట!" అన్నారు. ఏ ట్రక్కులు? ఎక్కడినుంచి? ఎవరూ అడగలేదు. ట్రక్కులంటే ట్రక్కులే.

మర్నాడు వెర్నన్ షాపు ముందు మొదలైన క్యూ లూథరన్ చర్చి గేటు దాటింది. ఎమ్మెట్ రీగల్ అని ఒక రిటైర్డు రైల్వే ఉద్యోగి ఉన్నాడు. అతని ఇంట్లో తుపాకులు పెట్టడానికి చోటు ఎప్పుడో అయిపోయింది. కొత్తగా కొన్నవి స్నానాల తొట్టిలో పేర్చి, స్నానానికి చెల్లెలి ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. ఆర్డెల్ కున్‌కిల్ అనే ముసలమ్మ పుట్టబోయే మునిమనవడి పేరు మీద రైఫిల్ కొంది. పుట్టేది ఆడపిల్లైతే ఎలాగని అడిగితే "పింక్ రంగుది ఉందా?" అంది. పాస్టర్ గారు ప్రసంగం కుదించేశారు. తనకూ క్యూలో చోటు దొరకాలి కదా!

అంతెందుకు, మా అగ్నిమాపక సంఘం వాళ్ళు ఊరి ఖర్చుల కోసం నడిపే "వారానికో తుపాకీ" లాటరీ టికెట్లు ఒక్క పూటలో చెల్లిపోయాయి. ఆ డబ్బుతో నీళ్ళ బండికి కొత్త గొట్టం వచ్చింది. ఇక మా ఊళ్ళో ఎక్కడైనా మంటలు ఆరాయంటే అది సెనేటర్ గారి చలవే. ఆమెను మేం ఎన్నాళ్ళు తిట్టినా ఆ రుణం తీరదు.

ఈ హడావుడిలో ట్రావిస్ బెండర్ అనే కుర్రవాడు భార్య కైలాను, ఇద్దరు పసివాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి పిస్తోలు కొన్నాడు. పెద్దదానికి మూడేళ్ళుంటాయేమో, కౌంటర్ మీదకు పాకుతోంది. ఎక్కడ పెడదామని కైలా అడిగింది.

"వంటింట్లో పై అరలో. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల వెనక," అన్నాడు ట్రావిస్. "అవసరం పడితే టక్కున చేతికి అందాలిగా."

పెట్టెలో పిస్తోలుతో పాటు ఒక తాళం వస్తుంది. ట్రిగ్గర్ కదలకుండా వేసేది, ఫ్యాక్టరీ వాళ్ళే ఉచితంగా పెడతారు. అది తీసి ట్రావిస్ కౌంటర్ మీద పెట్టేశాడు.

"ఇదొద్దులెండి స్టౌఫర్ గారూ. దండగ బరువు."

మా ఊళ్ళో అందరూ చేసే పనే. తుపాకీ పట్టుకుపోతారు, తాళం వదిలేసి పోతారు. వెర్నన్ అలవాటుగా దాన్ని తీసి వెనక గదిలో ఊరగాయ బకెట్లో పడేశాడు. ఆ గదిలో అలాంటి తాళాల బకెట్లు గోడ పొడవునా ఉన్నాయి.

బిల్లు గురించి జనంతో మాట్లాడటానికి సెనేటర్ క్రిస్పెల్ మా అగ్నిమాపక హాలుకు వచ్చింది. వెర్నన్ ముందు వరసలో కూర్చున్నాడు. మెత్తటి గొంతు మనిషి అన్నానా? ఆ రోజు హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "మా ఇంట్లో మా తుపాకీ ఎలా పెట్టుకోవాలో చెప్పడానికి నువ్వెవరు?" అన్నాడు. జనం బెంచీలు చరిచారు. ఒకాయన ఆవేశం పట్టలేక సొంత టోపీనే నేలకేసి కొట్టి తొక్కాడు.

మీటింగ్ అయ్యాక ఆ హాల్లోనే కాఫీ కుండ దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. బెల్లప్పాకంతో చేసే ‘పై’ అనే తీపి వంటకం తినడానికి నేను అక్కడే నిలబడి ఉన్నాను కాబట్టి మొత్తం విన్నాను.

"ఇవాళ గట్టిగానే అరిచారు స్టౌఫర్ గారూ," అంది సెనేటర్.

"జలుబు చేసింది మేడమ్. లేకపోతే ఇంకా అరిచేవాణ్ణి."

"మీరు అరిచిన వీడియో పెట్టినప్పుడల్లా నాకు విరాళాలు వచ్చిపడుతున్నాయి."

"మీరు ‘ప్రతి ఇంటా’ అని ఒక మాట అన్నారు చూడండి, ఆ ఒక్క మాటకి నా షాపులో రైఫిళ్ళు ఖాళీ!" అన్నాడు వెర్నన్, కళ్ళు చెమర్చినంత పని అయి. తర్వాత గొంతు తగ్గించాడు. "నెగ్గదు కదా?"

"నెగ్గదు. ఓట్లు చాలవు."

"హమ్మయ్య. వచ్చే ఏడు మళ్ళీ పెడతారుగా?"

"పెడతాను." ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టింది. "కానీ స్టౌఫర్ గారూ, నాకు నిజంగానే నెగ్గాలని ఉంది."

వెర్నన్ దాన్ని మర్యాదకు అన్న మాటగా తీసుకున్నాడు. ఆమెకు ‘పై’ ఇంకో ముక్క వడ్డించాడు.

అనుకున్నట్టే బిల్లు వీగిపోయింది. ఊరంతా హారన్లు మోగించింది. ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు మొదలైంది. షాపు నిలబడింది. లోరీన్ వెళ్ళి సెలూన్ యజమానురాలికి "వచ్చే ఏడు చూద్దాం" అని చెప్పి వచ్చింది. నా వాదన నెగ్గింది. ఇక్కడ కలం పక్కన పెట్టేస్తే నాకు మంచి పేరు వచ్చేది.

కానీ వెర్నన్‌కు ఒక కూతురు ఉంది. రోండా. పక్క ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. చూడ్డానికి ఇంతే ఉంటుంది. దానికో కూతురు, నాలుగేళ్ళ హ్యాటీ. ఎక్కని కుర్చీ లేదు, తెరవని సొరుగు లేదు. థాంక్స్‌గివింగ్ పండక్కి రమ్మని వెర్నన్ ఫోన్ చేశాడు. నేను కౌంటర్‌కు ఇవతల కాఫీ తాగుతున్నాను. ఆ షాపు ఫోన్‌లో అవతలివాళ్ళ మాటలు కూడా బయటికి వినిపిస్తాయి.

"వస్తాం నాన్నా. ఇంట్లో ఉన్నవాటన్నిటికీ తాళాలు వేస్తేనే."

"అదేంటే? నువ్వు ఆ ఇంట్లోనే కదా పెరిగావు!"

"పెరిగాను కాబట్టే చెబుతున్నా. సోఫా కింద ఏం పెట్టేవాడివో ఆరేళ్ళప్పుడే నాకు తెలుసు."

వెర్నన్ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"తెలుసా?"

"తెలుసు. తీసి చూశా కూడా. మళ్ళీ అలాగే పెట్టేశా. అప్పుడు నువ్వు చర్చి కమిటీ మీటింగ్‌కి వెళ్ళావు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది."

ఫోన్ పెట్టేశాక వెర్నన్ ఎంతసేపు అలా నిలబడ్డాడో నేను చెప్పలేను. ఆ మనిషిని చూసి నాకు భయం వేసింది. ఇరవై ఏళ్ళ కింద జరగకుండా పోయిన ఒక సంగతి ఆ రోజు మధ్యాహ్నం అతనికి జరిగింది.

రాష్ట్ర ప్రభుత్వం పదేళ్ళుగా చేయించలేని పని రోండా ఒక్క పూటలో చేయించింది. కమిటీ లేదు, చర్చ లేదు, కోర్టు లేదు. వెనక గదిలోంచి ఒక బకెట్ ఇంటికి మోసుకుపోయి అన్నిటికీ తాళాలు వేశాడు వెర్నన్. పండగనాడు హ్యాటీ వచ్చింది. అమ్మమ్మకు ముద్దు పెట్టింది, టర్కీ వాసన చూసింది, తిన్నగా వెళ్ళి సోఫా కింద తల దూర్చింది. తాతగారి చెప్పు ఒకటి దొరికితే ఊపుకుంటూ తెచ్చింది. అందరూ నవ్వారట. వెర్నన్ మాత్రం ఫోర్కు పక్కన పెట్టేశాడని లోరీన్ నాకు చెప్పింది.

మర్నాటి నుంచి షాపులో కౌంటర్ మీద తాళాల బకెట్ వెలిసింది. తూటాలకని వచ్చిన ప్రతివాడికీ వెర్నన్ తాళాలు చేతిలో పెట్టబోయాడు. డబ్బు అక్కర్లేదన్నాడు. వేసి చూపిస్తానన్నాడు. అవసరమైతే ఇంటికొచ్చి వేసిపెడతానన్నాడు.

తుపాకీ కొనమంటే పారిపోని జనం, తాళం తీసుకోమంటే పారిపోయారు!

"ఏంటి వెర్నన్, ఆవిడ పార్టీలో చేరావా?" అన్నాడు ఎమ్మెట్.

"పార్టీ ఏంటయ్యా? తాళం ఇది."

"ఇవాళ తాళం అంటావు. రేపు ట్రక్కు తోలుకొస్తావు."

ట్రావిస్ బెండర్ అయితే మొహం గంటు పెట్టుకున్నాడు. "మా ఇంట్లో మా తుపాకీ ఎలా పెట్టుకోవాలో చెప్పడానికి మీరెవరు స్టౌఫర్ గారూ?" అన్నాడు. ఈ వాక్యాన్ని ఎక్కడో విన్నట్టుందని వెర్నన్‌కు అనిపించి ఉంటుంది. తాళాన్ని మళ్ళీ బకెట్లో పెట్టేశాడు.

వెర్నన్ అమ్ముడుపోయాడని ఊరంతా పాకింది. ఫిలడెల్ఫియా నుంచి అతనికి మూటలు అందుతున్నాయన్నారు. తూటాల కోసం జనం కొండ అవతలి ఊరికి పోవడం మొదలుపెట్టారు. వేట సీజన్ నడుస్తోంది, అడవి నిండా వేటగాళ్ళ నారింజ రంగు కోట్లే, షాపులో మాత్రం నేనూ ఎల్కూ. సెలూన్ యజమానురాలు టేపు పట్టుకుని వచ్చి కిటికీలు కొలుచుకుని పోయింది.

"ఆ బకెట్ లోపల పడేసెయ్," అంది లోరీన్. "మన హ్యాటీ క్షేమంగా ఉంది. చాలదా నీకు?"

"ఊళ్ళో హ్యాటీ ఒక్కతే లేదుగా లోరీన్."

"షాపు పోతుంది."

"తెలుసు."

"అరిచి అరిచి ఈ జనాన్ని ఇలా తయారుచేసింది నువ్వే."

"అదీ తెలుసు. అందుకే నిద్ర పట్టట్లేదు."

లోరీన్ వెళ్ళి బకెట్‌ను కౌంటర్ మీద ఇంకాస్త ముందుకు జరిపింది.

ఆ వారంలోనే ఒక పొద్దున ఎమ్మెట్ కాఫీ కోసం వచ్చాడు. తిట్టడానికైనా కాఫీ కావాలి కదా. వెర్నన్ అలవాటుగా తాళం చూపించాడు, అతను అలవాటుగా ముఖం తిప్పుకున్నాడు. వెర్నన్‌కు విసుగొచ్చింది.

"వద్దంటే మానెయ్. ఇంకో నెల పోతే కావాలన్నా దొరకవు."

షాపు మూసేస్తున్నానని, బకెట్లు తుక్కుకు వేసేస్తానని చెప్పబోయాడు పాపం. ఆ ముక్క చెప్పకుండానే కౌంటర్ తుడవడం మొదలుపెట్టాడు.

ఎమ్మెట్ చేతిలో కప్పు గాల్లో ఆగింది.

"ఎందుకు దొరకవు?"

వెర్నన్ కౌంటర్ తుడుస్తూనే ఉన్నాడు. ఎమ్మెట్ నా వైపు చూశాడు. నేను ఎల్క్ వైపు చూశాను.

"నిషేధిస్తున్నారా?"

"నేనేమీ అనలేదు ఎమ్మెట్."

"అనకు. నీ నోటితో అననే వద్దు. నాకు అర్థమైంది." కప్పు పెట్టేసి చేతులు రుద్దుకున్నాడు. "తొట్టిలో ఉన్నవాటికీ, మంచం కిందవాటికీ, గరాజ్‌లో ఉన్నవాటికీ కావాలి. చెల్లెలికి కూడా ఇవ్వు. అదివరకే ఇస్తానన్నావుగా, ఇప్పుడు మాట తప్పకు!"

మధ్యాహ్నానికి క్యూ లూథరన్ చర్చి గేటు దాటింది. తాళాలు వేసుకోనివ్వరట! ఎందుకంటే ట్రక్కులు వచ్చినప్పుడు తుపాకులు తేలిగ్గా పట్టుకుపోవాలట! ఈ తర్కంలో లొసుగు వెతకడానికి నేను చాలా ప్రయత్నించాను. దొరకలేదు. ఒకసారి ట్రక్కులను నమ్మాక మిగతాదంతా అతికినట్టు సరిపోతోంది. "నా తాళం నా హక్కు" అని ట్రక్కుల వెనక స్టిక్కర్లు వెలిశాయి. ఆర్డెల్ ముసలమ్మ మునిమనవడి రైఫిల్‌కు రెండు వేయించుకుంది. కొండ అవతలివాళ్ళు కూడా దిగారు. బకెట్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, తాము వదిలేసి పోయిన తాళాలనే జనం తోసుకుంటూ, తొక్కుకుంటూ పట్టుకుపోయారు. రాయిస్ ఫోన్ చేసి, ఫ్యాక్టరీలో తాళాల కోసం మూడో షిఫ్టు వేస్తున్నామని సంతోషం పట్టలేక చెప్పాడు. వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చారని తూటాలూ కొన్నారు, వేట కోట్లూ కొన్నారు. సెలూన్ ఆవిడ టేపు చుట్టేసుకుని, తను కూడా క్యూలో నిలబడింది.

టీవీవాళ్ళు సెనేటర్ క్రిస్పెల్‌ను పట్టుకుని అడిగారు. ఆవిడ నివ్వెరపోయింది.

"తాళాలను నిషేధించే ఆలోచన నాకు లేనే లేదు! తాళాలు వేసుకోండి బాబూ అనే కదా పదేళ్ళుగా మొత్తుకుంటున్నాను!"

"విన్నారా?" అన్నాడు క్యూలో ఒకాయన. "లేదంటోంది. అంటే ఉందన్నమాటే." దాంతో క్యూ వంతెన దాకా పెరిగింది.

ఆ సాయంత్రం ఆమె వెర్నన్‌కు ఫోన్ చేసింది.

"ఎలా చేశారండీ ఇది?"

"నేనేమీ చెయ్యలేదు మేడమ్. మీకు పుణ్యముంటుంది, ఇంకోసారి టీవీలో కనిపించి లేదని చెప్పండి. పక్క జిల్లా కూడా వేసేసుకుంటుంది."

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి, ఆంక్షల్ని మించిన వరం ఉందా? నా మనవి ఒక్కటే. కారులో బెల్టు పెట్టుకోవడాన్ని వెంటనే నిషేధించండి. పిల్లలకు కూరగాయలు పెట్టడం నేరం చెయ్యండి. బీపీ మాత్రలు వేళకు మింగినవాణ్ణి పట్టుకుని లోపలెయ్యండి. ఏడాది తిరిగేసరికి ఈ దేశంలో రోగం అనేది ఉంటే నన్నడగండి!

చీకటి పడకముందే నేను కూడా వెళ్ళాను. నా ముందు ట్రావిస్ నిలబడి ఉన్నాడు. తాళం ఎలా వెయ్యాలో వెర్నన్ మెల్లగా, రెండుసార్లు చూపించాడు. "వీళ్ళ అబ్బతరం కాదు నా దగ్గర లాక్కోవడం," అంటూ ట్రావిస్ దాన్ని కోటు లోపలి జేబులో భద్రంగా దాచుకున్నాడు. నా వంతు వచ్చింది. రెండు అడిగాను.

"నీకు తుపాకీ లేదుగా పేపరాయనా?"

"లేకపోతే? వాళ్ళు వద్దంటే ఊరుకోవాలా? ముందు తాళాలు ఇవ్వు. రేపొచ్చి తుపాకీ కొంటాను."

వెర్నన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అతను నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో! బకెట్ అడుగున తడిమి రెండు తీసిచ్చాడు.

"ఇంతమంది వచ్చారు కదా," అన్నాను. "ఇంట్లో పిల్లలున్నారు, అందుకని కావాలి అని ఎవరైనా అన్నారా?"

నవ్వు ఆపి కాసేపు ఆలోచించాడు. "ఒక్కళ్ళు కూడా అనలేదు. మనిషికి ఎన్నిస్తావని అడిగారు, అంతే," అన్నాడు. "అనకపోతే పోనీలే. వేసుకుంటున్నారుగా." ఆ తర్వాతివాళ్ళను రమ్మని చెయ్యి ఊపాడు.

వేసుకుంటున్నారు, నిజమే. ప్రభుత్వం వద్దంటోందని వేసుకుంటున్నారు. ఎవరూ వద్దనలేదని తెలిసిన రోజున ఊడదీసి మళ్ళీ బకెట్లో పడేస్తారు. కాబట్టి సెనేటర్లకూ, టీవీవాళ్ళకూ, ఇది చదువుతున్న మీకూ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. మా ఊళ్ళో పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా దయచేసి ఎవరూ మాకు నిజం చెప్పకండి.